పొల్లు

నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఎదురు సందులో
మా మెడికల్ షాపు షట్టర్ సగం దించాక
ఒకతను వచ్చాడు.
హెల్మెట్ తీయలేదు.
ఫోన్‌లో చీటీ ఫొటో చూపిస్తూ
బొటనవేలితో ఒక పేరు కప్పాడు.
మందు పేరు కాదు, తన పేరు.

"ఎసైక్లోవిర్ నాలుగు వందలు, రోజుకు మూడు"
అని నేను పైకి చదివితే
ఓఆర్ఎస్ ప్యాకెట్ కోసం నిలబడ్డ ఆమె వైపు చూశాడు.
ఈ ఊళ్ళో కొన్ని మందులకు
ధర కన్నా ముందు గొంతు తగ్గించాలి.
తగ్గించాను.
నల్ల కవరు, అడగకముందే ఇచ్చాను.

ఖుద్దూస్ సాబ్‌కు ఆ సిగ్గు లేదు. ఆయనది కన్ను.
షేర్వానీల మీద జరీ కుట్టీ కుట్టీ ఎర్రబడిందనుకొని
"పోయినసారి చుక్కలే ఇయ్యమ్మా" అన్నాడు.
అది స్టెరాయిడ్. ఇవ్వలేదు. అలిగి వెళ్ళాడు.
మెహదీపట్నం కంటాసుపత్రిలో
రంగు వేసి, నీలి దీపం పెట్టి చూస్తే
నల్లగుడ్డు మీద కొమ్మలు కొమ్మలుగా పుండు.
"నా కంట్లో చెట్టు మొలిచిందంట," అన్నాడు తిరిగొచ్చి,
"అంత సన్నని కొమ్మ నా సూదికెన్నడు రాలే."
ఆయింట్‌మెంట్ రోజుకు ఐదుసార్లు.
"ఐదా? అజాన్ అజాన్‌కు పెట్టుకుంటా."
కాదు సాబ్,
మగ్రిబ్‌కూ ఇషాకూ నడుమ గంటన్నర,
ఫజర్‌కూ జొహర్‌కూ నడుమ సగం రోజు.
డబ్బా మీద నేనే రాసిచ్చాను,
ఆరు, పది, రెండు, ఆరు, పది,
నాకొచ్చిన ఉర్దూ అంకెల్లో, తప్పులతో.

నాది పెదవి.
ఏటా మార్చిలో, స్టాకు లెక్కల వారం,
ముందు చిమచిమ, తెల్లారేసరికి నీటిపొక్కులు.
"జ్వరం పేలింది" అని నాయనమ్మ వెన్న రాసేది.
ఎవరిచ్చారో తెలియదు.
చంటిబిడ్డనని ముద్దాడిన ఏ పెద్దమ్మో
ప్రేమగానే ఇచ్చి ఉంటుంది.
అప్పటి నుంచీ చెవి ముందు, నరం ముడిలో
కిరాయి కట్టనివాడొకడు పడుకొని ఉన్నాడు.

డి.ఫార్మసీలో చక్రపాణి సారు చెప్పిన పాఠాల్లో
ఒక్కటే మిగిలింది నాకు.
ఈ మందు దేన్నీ చంపదమ్మా, అన్నాడు.
క్రిమి తనను తాను ఎత్తి రాసుకుంటుంటే
అచ్చం అసలుదానిలా ఉండే అక్షరమొకటి
చేతికందిస్తుంది.
అది నమ్మి రాసేస్తుంది.
ఆ పైన ఇంకే అక్షరమూ అంటదు.
సుద్దముక్కతో బోర్డు మీద నకారపొల్లు గీసి
"ఇదిగో, మాట ఇక్కడ ఆగిపోయింది."
వెనక బెంచీలో నవ్వాం.
వడ్లలో పొల్లు, మాటల్లో పొల్లు
చెరిగి పారేయాలని విన్నవాళ్ళమే అంతా.
పొల్లు మందవుతుందని
ఎవరూ చెప్పలేదు అప్పటిదాకా.

అందుకే చిమచిమ అన్న గంటలోనే మింగాలి.
రాయడం అయిపోయాక పొల్లు పెట్టి ఏం లాభం?
పడుకున్నవాణ్ణి మాత్రం అది ముట్టుకోదు.

ఈ మార్చిలో చెల్లెలు ప్రణవికి కూతురు.
వాలాసైక్లోవిర్ పొద్దున రెండు, రాత్రి రెండు మింగి,
మాస్కు కట్టుకొని,
పదకొండు రోజుల పిల్లను గుమ్మం దగ్గర నుంచే చూశాను.
"కోపమా అక్కా?" అంది ప్రణవి.
నేనూ పెద్దమ్మనే కదా.
పక్కు రాలేదాకా ముద్దు లేదు.
పిల్ల ఆవలించింది, నోరంతా తెరిచి,
నాకు ఒళ్ళంతా లాగింది.

షట్టర్ పూర్తిగా లాగబోతుంటే
హెల్మెట్ అతను మళ్ళీ వచ్చాడు.
అద్దం మాత్రం పైకెత్తాడు.
ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయేమో.
"మేడం, తగ్గిపోతదా?"

తగ్గుతది, అన్నాను.

పోదు.

సందులో ఆటో ఒకటి వెళ్ళేదాకా
ఇద్దరం ఏమీ అనలేదు.
మాస్కు కిందికి లాగి
నా పెదవి మీది పక్కు చూపించాను.

అతను హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.
కౌంటర్ మీద మరిచిపోయిన చిల్లర
ఒక్కో బిళ్ళా ఏరుకున్నాడు.